ఐదు గంటల కచేరీ

టప్పుమంది.

కోడలు ఉలిక్కిపడి వంగి చూసింది. తడిబట్ట పెడదామని పడక్కుర్చీ జరిపితే, కుర్చీ కోడు వెళ్ళి మామగారి హెడ్‌ఫోన్ వైరు మీదెక్కింది. పిన్ను రెండు ముక్కలై నేల మీద పడింది. ఆమె హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అయ్యో మామయ్యా! చూసుకోలేదు. కొంప ముంచేశాను."

పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తాడు. మొహం పాలిపోయింది. గబగబా వచ్చి ఆమె చేతిలోంచి హెడ్‌ఫోన్ లాక్కున్నంత పని చేశాడు.

"పోనీలే తల్లీ, నేను చూసుకుంటాను."

"మీకెందుకు శ్రమ? వీధి చివరే కదా షాపు. నేను బాగు చేయించుకొస్తాను."

"వద్దు! ఆ షాపులవాళ్ళు ఉన్నదీ చెడగొడతారు. దీని జోలికి ఎవరూ వెళ్ళకండి."

ఆయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడి ఎరగడు. కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరగవూ మరి! ప్రెస్సులో రిటైరైన దగ్గర్నుంచీ ఆయన లోకమంతా ఆ ఇంగ్లీషు రాక్ పాటలే. రోజూ ఐదు కొట్టగానే రికార్డు పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఉక్కపోస్తోందంటూ ఒక చెవి మీంచి కాస్త పక్కకి జరిపి, కళ్ళు మూసుకునేవాడు. ఆరింటికి లేచి ఆ రోజు పాట గురించి నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసేవాడు. రాసింది కోడలికి చదివి వినిపిస్తే గానీ ఆయనకి టీ గొంతు దిగేది కాదు.

"ఆ గిటారాయనవి వేళ్ళు కావమ్మాయ్, పిడుగులు. డ్రమ్ములాయనకి మాత్రం తొందరెక్కువ, బస్సు వెళ్ళిపోతున్నట్టు వాయిస్తాడు. నేను పడి చచ్చేది ఆ బొంగురు గొంతావిడ పాటలకే. మిగతావాళ్ళు పాడతారు, ఆవిడ లోకంతో పోట్లాడుతుంది. పై స్థాయికి వెళ్ళినప్పుడు గొంతు చీలుతుంది చూడు, అక్కడ నాకు ఏడుపొచ్చేస్తుంది."

ఒక్కోసారి ఆ రాతలు విడ్డూరంగా ఉండేవి. పోయిన వారం ఇలా రాశాడు: 'ఇవాళ గొంతు బాగా పట్టేసింది. జలుబు కాబోలు, పాపం.'

"రికార్డులో పాడే మనిషికి జలుబేంటి మామయ్యా!" అని కోడలు ముక్కు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వింది.

"నీకూ చేసినట్టుంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి పెట్టాను, తాగు," అన్నాడాయన.

నిజం చెప్పాలంటే ఆమె కంగారు ఆయన కోసం సగమే. మిగతా సగం తన కోసం. నలుగురి ముందు నోరు తెరిస్తే ఆమె గొంతుకి తాళం పడిపోతుంది. మొగుడు బతిమాలినా "నాకు రాదు" అనేస్తుంది. కానీ మామగారు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే చాలు, వంటింట్లో గిన్నెలు తోముతూ ఎలుగెత్తి పాడుకునేది. ఏ పాటలనుకున్నారు? ఆయన పాటలే! పైవాటావాళ్ళు గోల పెట్టి స్పీకర్లు అటకెక్కకముందు విని పట్టేసిన వరసలు. మాటలు తెలియవు గనక కుక్కరు మీదా కుళాయి మీదా సొంతంగా మాటలు కట్టేసింది. ఇప్పుడు హెడ్‌ఫోన్ లేకపోతే ఆ ఒక్క గంటా పోయినట్టే.

మామగారు వాకింగుకి బయల్దేరడం ఆలస్యం, ఆయన అలమరలో దాచిన హెడ్‌ఫోన్ తీసి సంచీలో వేసుకుని షాపుకి పరిగెత్తింది.

మెకానిక్ పిన్ను చూశాడు. చెవుల మీది మూతలు విప్పాడు. పెదవి విరిచాడు.

"ఎప్పుడు పాడైందన్నారు?"

"ఇందాకే. గంట కూడా కాలేదు. కొంచెం త్వరగా చెయ్యి బాబూ, ఐదింటికల్లా ఆయనకి కావాలి."

"పిన్ను ఇందాకే విరిగి ఉండొచ్చమ్మా. దీని ప్రాణం మాత్రం ఎప్పుడో పోయింది. ఇటు చూడండి." టార్చి వేసి చూపించాడు. లోపలి రాగి తీగ పచ్చగా చిలుమెక్కి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. "రెండో పక్కా ఇంతే. తక్కువలో తక్కువ ఏడాదై ఉంటుంది, ఇందులో చిన్న చప్పుడు కూడా వినపడి."

"భలేవాడివే! మా మామయ్య రోజూ వింటారు. నిన్న కూడా విన్నారు. నోటుబుక్కులో రాశారు కూడా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. నిన్న రాసింది గుర్తొచ్చింది. 'ఇవాళ పాట సగంలో ఆపేసింది. మంచి చోట ఆపింది, అన్యాయం.' నిన్న ఐదున్నరకి పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది. తను కుళాయి కట్టేసి, పాట ఆపి, తలుపు తీసింది.

ఆ జరిపి పెట్టుకున్న చెవి. ఆ జలుబు. ఆ వేడినీళ్ళు.

ఆమె చెంపలు వేడెక్కిపోయాయి. ఏడాది పొడుగునా! కుక్కరు పాటా, కుళాయి పాటా, అన్నీ విన్నాడన్నమాట. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంతలోనే 'అక్కడ నాకు ఏడుపొచ్చేస్తుంది' అన్న మాట గుర్తొచ్చి, ఆమెకే ఏడుపు ఆగలేదు.

మెకానిక్ హడలిపోయాడు. "అయ్యో, ఏడవకండమ్మా! వైరు మొత్తం మార్చేస్తాను. పావుగంట పని. కొత్తదానిలా మోగుతుంది."

"వద్దు!" అని అరిచింది కోడలు, అచ్చం మామగారిలాగే. కళ్ళు తుడుచుకుని గోడ గడియారం వైపు చూసింది. నాలుగున్నర దాటింది.

"లోపల ఏమీ ముట్టుకోకు బాబూ. పైన అతుకు తెలియకుండా పిన్ను ఒక్కటీ అంటించి ఇచ్చెయ్. ఐదింటికి మా మామయ్య పాటలు వినాలి."