ఎనిమిది లెక్కపెట్టే దాకా

"అయిదు... ఆరు..."

ఏడు అనేలోపే జెస్సీ మోకాళ్ళు వణికాయి. కింద ముగ్గురు, వాళ్ళ భుజాల మీద ఇద్దరు, ఆ ఇద్దరి మీద జెండా పట్టుకుని లక్ష్మీప్రసన్న. ఆరుగురూ గడ్డి బస్తాల మీదికి దబదబా జారిపడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లేచి, బట్టలు దులుపుకుని, తప్పు చేసినవాళ్ళలా తలలు దించుకున్నారు.

"ఏమైందే జెస్సీ?" అంది నిర్మల.

"ఎండండీ మేడమ్."

ఎండ నిజమే. మే నెల, నెత్తిన రేకులు, పైగా కరెంటు కోత. ఏలూరు పక్కన వట్లూరులో ఉన్న ఆ షెడ్డు ఒకప్పుడు చేపల ఐసు ఫ్యాక్టరీ. నిర్మల అందులో ఆడపిల్లలకి చీర్‌లీడింగ్ నేర్పడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. కిందటేడు టీవీలో క్రికెట్ ఆటల మధ్య పొట్టి బట్టల గంతులు చూసిన తల్లులు, "ఏవండీ, ఇదేనా మా పిల్లలకి మీరు నేర్పేది?" అని మీదపడ్డారు. బోర్డు మీద చీర్‌లీడింగ్ అన్న మాటకి సున్నం కొట్టించి "బాలికల వ్యాయామ కేంద్రం" అని రాయించింది. చీలమండల దాకా ప్యాంట్లు కుట్టించింది. ఎంత చేసినా ముప్ఫైమంది పిల్లలు ఆరుగురయ్యారు.

ఆ ఆరుగురికైనా ఈ రేకుల నీడ మిగులుతుందో లేదో శనివారం తేలిపోతుంది. పది రోజుల కిందట షెడ్డు యజమాని వెంకట్రాజుగారు కైకలూరు నుంచి పనిగట్టుకుని వచ్చారు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి విషయం చెప్పేశారు.

"తాడేపల్లిగూడెం పోటీలో కప్పు తెస్తే నిక్షేపంలా ఉండండమ్మా. లేదంటే నాకు చేపల మేత దించుకోడానికి చోటు కావాలి. ఏమీ అనుకోకండి."

మర్యాదగా మెడ మీద కత్తి పెట్టడమంటే అదే. ఆయన అటు వెళ్ళగానే నిర్మలకి ఏడుపు ఆగలేదు. పిల్లలు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా బస్తా మీద కూలబడి, "ఇక మన చేతుల్లో ఏముందమ్మా, దేవుడే దిక్కు" అంది.

చిత్రమేమిటంటే, ఆ రోజు దాకా పిరమిడ్ గోడ కట్టినట్టు నిలబడేది. పోటీలో ఎనిమిది లెక్కపెట్టే దాకా నిలబడితే చాలు, వీళ్ళు పదహారు దాకా కదిలేవారు కాదు. ఇప్పుడు ఆరు దాటడం లేదు. వెంకట్రాజుగారి మాటకి పిల్లలు బెదిరిపోయారనుకుంది నిర్మల. ధైర్యం చెప్పింది. అది పనిచెయ్యకపోతే తిట్టింది. తిట్టినందుకు ఇంటికెళ్ళి తనే ఏడ్చింది.

తిండికి లోటు చేసిందా అంటే అదీ లేదు. రోజూ సాధనకి ముందు ఆరు కోడిగుడ్లు ఉడకబెట్టి తెచ్చేది. "పెరట్లో నీడన కూర్చుని తింటామండీ" అని జెస్సీ డబ్బా పట్టుకెళ్ళేది, ఖాళీ చేసి తెచ్చేది. పెరట్లో కొత్తగా కాపురం పెట్టిన ఊరకుక్క ఒకటి, డబ్బా మూత చప్పుడైతే చాలు, తోకాడించుకుంటూ వచ్చేది. దానికీ ఓ ముక్క పడేస్తున్నట్టున్నారు, పోనీలే అనుకుంది నిర్మల.

చివరికి అనుమానం లక్ష్మీప్రసన్న మీదికి మళ్ళింది. వాళ్ళ అక్క పెళ్ళయి నెల కాలేదు. ఇంట్లో ఇంకా లడ్డూలు ఉన్నాయని అందరికీ తెలుసు.

"ఇలా రా. కాటా ఎక్కు."

మూలన చేపలు తూచిన పాత కాటా ఉంది. లక్ష్మీప్రసన్న బిక్కమొహంతో ఎక్కింది. ముల్లు చూసి నిర్మల కళ్ళు నులుముకుంది. కిందటిసారి కంటే రెండు కిలోలు తక్కువ.

"లడ్డూలు మానేశావా?"

"మానేశానండీ."

"నా బంగారు తల్లివి" అని బుగ్గ నిమిరింది. మరి పైనున్న పిల్ల తేలికైతే, కింద ఉన్నవాళ్ళు మోయలేకపోవడమేమిటి? ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఆమెకి అంతుపట్టలేదు.

శనివారం తాడేపల్లిగూడెంలో మైదానం నిండా జనం. ఎక్కబోయే ముందు జెస్సీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. లక్ష్మీప్రసన్న మెళ్ళోని ఆంజనేయస్వామి బిళ్ళని కళ్ళకద్దుకుంది. పిరమిడ్ లేచింది. జెండా ఎగిరింది. నిర్మల కొంగు నోట్లో కుక్కుకుని లోలోపలే లెక్కపెట్టుకుంది.

అయిదు. ఆరు. ఏడు.

జెస్సీ కాళ్ళు మడతపడ్డాయి. పరుపుల మీద ఆరుగురూ కుప్పగా పడ్డారు. కప్పు వేరే ఊరివాళ్ళు ఎత్తుకుపోయారు.

గంట తిరక్కుండానే వెంకట్రాజుగారు ఫోన్ చేశారు.

"విన్నానమ్మా. పాపం, పిల్లలు కష్టపడ్డారు. సోమవారం తాళాలు ఇప్పించండి."

"అలాగేనండీ" అంది నిర్మల. రెండేళ్ళ కష్టం ఆ ఒక్క మాటతో ముగిసిపోయింది.

అయినా పిల్లల మీద కోపం రాలేదు. బస్టాండు పక్క హోటల్లో పులిహోర పొట్లాలు కట్టించుకొచ్చి వాళ్ళ ముందు పెట్టింది. "తినండమ్మా. ఓడిపోయినవాళ్ళకీ ఆకలేస్తుంది."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"పోటీ ఇక అయిపోయినట్టేనాండీ?" అని అడిగింది జెస్సీ.

"అయిపోయిందమ్మా."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆరుగురూ పొట్లాలు విప్పారు. నమలడం కూడా లేదు, మింగడమే. పొలమారితే ఒకరి నెత్తి ఒకరు తట్టుకుంటూ మళ్ళీ తిన్నారు.

"నెమ్మదే! మీరు అన్నం మొహం చూసి ఎన్నాళ్ళయిందర్రా?" అంది నిర్మల నవ్వలేక నవ్వుతూ.

జెస్సీ నోట్లో ముద్ద మింగి తలెత్తింది.

"మీరు దేవుడే దిక్కన్న రోజు నుంచీ పగలంతా ఉపవాసమండీ."