చూడని ముఖం

"ఇంకొక్క నెల ఉంచండి, డాక్టరమ్మా."

శ్రీపాదరావు చేతులు జోడించలేదు గాని, గొంతు జోడించినట్టే ఉంది.

డాక్టర్ మేరి తల అడ్డంగా ఊపింది.

"ఆయన వద్దంటున్నా మీ మాట మీద చేర్చుకున్నాం. అట్లా ఉంచడానికి చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు. రేపటితో తీరిపోతుంది."

"ఆపైన ఉంచడానికి దారే లేదా?"

"ఉంది. ఇద్దరు మానసిక వైద్యులు విడివిడిగా చూసి ఇంకా తప్పదనాలి. మానసిక ఆరోగ్య బోర్డు ఒప్పుకోవాలి. మీ తమ్ముడు తింటున్నాడు, నిద్రపోతున్నాడు, మాత్రలు తానే అడిగి వేసుకుంటున్నాడు. ఏమని రాయమంటారు?"

"బయట ప్రమాదముందని రాయండి."

"అది మీ భయం. దానికి ఆయన్ని పడక మీద ఉంచలేను."

శ్రీపాదరావు ఆదోనిలో పిల్లలకు సంస్కృతం చెప్పే పండితుడు. నెల కిందట ఎమ్మిగనూరు సంతలో, తనను పట్టుకోవడానికి ఎవరో వస్తున్నారని అరుస్తూ, తమ్ముడు అనంత్ రాయి విసిరాడు. అది ఎవరో కూలి మనిషికి తగిలింది. నెత్తురు కారుతుంటే ఆటోలో తీసుకుపోయారట. శ్రీపాదరావు చేరేసరికి మట్టిలో మరక మాత్రం మిగిలింది.

ఆ మనిషి ముఖం ఆయన చూడలేదు. అందుకే అది రోజురోజుకూ భయంకరమవుతూ వచ్చింది. ఒకనాడు దానికి మీసాలు మొలిచాయి. మరొకనాడు దాని వెనక పదిమంది నిలబడ్డారు.

తమ్ముడు ఈ గోడల లోపల ఉన్నంతకాలం ఆ ముఖం తన గడప తొక్కదని ఆయన నమ్మకం.

వార్డు ముందు బల్ల మీద అనంత్ కూర్చుని ఉన్నాడు. పక్కన ఎల్లప్ప.

ఈ ఎల్లప్ప ఎవరో శ్రీపాదరావుకు అంతుబట్టలేదు. యాభై దాటిన రైతుకూలి. కంటి శిబిరాల్లో ఆపరేషన్ చేసి ఇచ్చేలాంటి నల్లద్దాలు. మధ్యాహ్నం బస్సులో వస్తాడు, అనంత్‌తో కూర్చుంటాడు, పోతాడు. విషం కలిపారని ఎవరేమిచ్చినా ముట్టని అనంత్, అతను తుంచి, తాను ముందు తిని ఇచ్చిన జొన్నరొట్టెతోనే మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

మడి కట్టే ఇంటివాడు, ఎంగిలి రొట్టె! అది తిన్నది తమ్ముడే అయినా, అన్న గొంతులో ఇంకా అడ్డుపడే ఉంది.

"ఏమయ్యా, ఈ పొద్దు గూడా వచ్చినావా? నీకు పనీ పాటా లేదా?"

"పని తగ్గించినాను సామీ. సూపు ఆనదు."

"వానలు పడినాయి గదా. జొన్నగిరికి పోయి చేలల్లో వజ్రాలు ఏరుకోరాదూ?"

ఎల్లప్ప నవ్వాడు. "యేటా పోతాంటిని. ఈ యేడు రాయి కనబడల్ల గదా! వచ్చే యేడు అనంతుసామిని పిల్చుకపోతా. ఆయప్ప కండ్లతో ఎతుకుతా. దొరికితే సెరి సగం."

"సగం కాదు, నిన్న ముప్పాతిక అన్నావు," అన్నాడు అనంత్.

శ్రీపాదరావుకు నవ్వు రాలేదు.

ఎల్లప్ప గొంతు తగ్గించాడు. "ఇంటికి పిల్చుకపోండి సామీ. ఆ మనిషి గొడవకు రాడు."

"ఏ మనిషి? నీకెవరు చెప్పినారు?"

"సంతంతా తెలుసు గదా సామీ. వచ్చేటోడైతే ఈ పాటికి వచ్చుండడా?"

శ్రీపాదరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. రోజూ రావడం, కూర్చోవడం, మాట కదపడం. ఇన్నాళ్ల అనుమానం ఒక్క క్షణంలో రూపు కట్టింది.

"నిన్నెవరు పంపినారో ఇప్పుడర్థమైంది. ఇంక మావాడి దగ్గరికి రావద్దు. మా ఇంటి చాయలకు గూడా."

ఎల్లప్ప ఏదో చెప్పబోయి, అనంత్ వైపు చూసి ఆగిపోయాడు. గుడ్డలో చుట్టిన రొట్టె అతని ఒడిలో పెట్టాడు.

"మాత్రలు మరిసిపోవద్దు నాయనా."

మెట్టును కాలితో తడుముకుని దిగి వెళ్లిపోయాడు. ఏ ఊరని ఎవరూ అడగలేదు.

మరునాడు అనంత్ ఇంటికి వచ్చాడు. గడప ఎవరూ తొక్కలేదు. నాలుగు రోజులకు శ్రీపాదరావు వీధి తలుపు గడియ తీసే ఉంచగలిగాడు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి తమ్ముడు ఆ తలుపు దగ్గరే కూర్చోవడం ఆయన గమనించాడు.

"ఎవరికోసం?"

"ఎల్లప్ప రాలేదే అన్నా."

"ఇంక రాడు. నేనే వద్దన్నాను. దెబ్బ తిన్న ఆ మనిషి పంపితే వచ్చినవాడు వాడు. నీకు తెలియదు."

అనంత్ అన్న వైపు తిరిగాడు.

"ఆయన్ని ఎవరూ పంపలేదు. నువ్వు భయపడతావని నీకు చెప్పొద్దన్నాడు. మొదటి రోజు వచ్చి, నా ముందర ఆ నల్లద్దాలు తీసి, ఒక్క మాట అడిగినాడన్నా: 'సంతలో రాయి ఇసిరినప్పుడు, నీ కంటికి నేను యా మాదిరి కనబడితిని నాయనా?'"