హారో క్రీక్ కంచరగాడిదలు

“కదలకు బావా, పీక తెగుతుంది!” అన్నాడు లెస్టర్, మంగలికత్తి గాల్లో ఆపి.

“తెగనీ. ఈ జట్టుని ఇంకో ఏడాది చూడ్డం కంటే అదే నయం,” అన్నాడు ఆర్లో ప్రూయిట్.

మొహం నిండా సబ్బు నురగ. ఒళ్లో హారో క్రీక్ ఊరి పత్రిక. అందులో ఆ మధ్యాహ్నం ఆడబోయే ఊరి బేస్‌బాల్ జట్టు మ్యూల్స్ ఆటగాళ్ల పేర్లు. ఒక్కో పేరునీ వేలితో పొడుస్తున్నాడు ఆర్లో.

మ్యూల్స్ అంటే కంచరగాడిదలు. ఆ పేరు పెట్టినదెవరో గాని మహా ముందుచూపు ఉన్నవాడు. పదకొండేళ్లుగా ఆ జట్టు పట్టికలో అడుగుననో, అడుగుకి ఒక మెట్టు పైననో పడుకుని ఉంది. ఎంత తన్నినా లేవదు. ఈ ఏడాది యజమాని స్లోకమ్‌కి విసుగొచ్చింది. మళ్లీ అట్టడుగున నిలిస్తే జట్టుని పక్క రాష్ట్రం వాళ్లకి అమ్మేస్తానని ప్రకటించేశాడు. ఇవాళ ఆఖరి ఆట. మ్యూల్సూ అవతలి జట్టూ సమానంగా అడుగునే ఉన్నాయి. ఓడినవాళ్లు అక్కడే ఉండిపోతారు.

“చూడు, రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య బంతి ఆపడానికి షార్ట్‌స్టాప్‌గా మళ్లీ వీణ్ణే పెట్టారు! బంతి వస్తుంటే కందిరీగ వచ్చినట్టు పక్కకి తప్పుకుంటాడు. మూడో బేస్ దగ్గర వీడు. నిలబడే నిద్రపోతాడు!”

“గుర్రం కూడా నిలబడే నిద్రపోతుంది.”

“గుర్రం పరిగెత్తుతుంది కదరా!”

లెస్టర్ నవ్వు ఆపుకుంటూ కత్తికి పదును పెట్టాడు.

“స్లోకమ్ ఏం చేశాడు? ఉన్న ఒక్క మంచి బ్యాటర్నీ అమ్మి బస్సు కొన్నాడు. ఇప్పుడు ఓడిపోవడానికి వేరే ఊళ్లకి తొందరగా చేరుకుంటున్నాం. బంతి విసిరే ఆ ఎడమచేతి కుర్రాడు, మన పిచ్చర్, ఉన్నాడే, బంగారం వాడు. వాణ్ణి రెండేళ్లు అట్టేపెట్టి, రెండు చేతులూ పనిచేసే షార్ట్‌స్టాప్‌ని ఒకణ్ణి తెచ్చుకుంటే మనం మనుషుల్లో పడతాం. ఎవడు వింటాడు?”

“మా నాన్న కాలంలో ఒకడు కొట్టిన బంతి పిండిమర పొగగొట్టంలో పడి, మర రెండు రోజులు దగ్గిందిట, తెలుసా?”

“మీ నాన్న చెప్పినప్పుడల్లా ఆ పొగగొట్టం అయిదడుగులు పెరిగేది. ఇప్పుడా మరే లేదు. రైలు ఇక్కడ ఆగడం మానేసింది. ఊళ్లో మిగిలింది ఈ తొమ్మిదిమంది దరిద్రులే. వీళ్లూ పోతే శనివారాలు నేను ఏ గోడ చూస్తూ కూర్చోను?”

అని, చప్పున మళ్లీ పత్రికని పొడిచాడు.

“క్లెటస్ వార్న్! ముప్ఫై తొమ్మిదేళ్లు! వాడు కూర్చుని లేస్తుంటే ఆ మోకాళ్ల చప్పుడు నాకు వినిపిస్తుంది!”

“నీకు వినపడక ఎవరికి వినపడుతుంది బావా,” అని లెస్టర్ తువ్వాలు విదిలించాడు. “ఇవాళ ఒక్కరోజుకి వాడి మీద కాస్త దయ ఉంచు.”

“నా దయ వాడికెందుకు? బ్యాటు తిప్పమను చాలు!” అని ఆర్లో విసురుగా లేచి, నల్లటోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. ఆఖరి ఇన్నింగ్స్ వచ్చేసరికి అవతలివాళ్లవి అయిదు పరుగులు, మ్యూల్స్‌వి నాలుగు. ఇద్దరు ఔట్, ఇంకొకడు ఔటైతే ఆట అయిపోతుంది. మూడు బేసుల మీదా మనుషులు ఉన్నారు. అలాంటి సమయంలో మోకాళ్లు టకటకలాడించుకుంటూ బ్యాటు పట్టుకుని వచ్చింది క్లెటస్ వార్న్.

ఆర్లో పళ్లు నూరాడు. ఆటంతా అతను కూర్చోలేదు. వంగి, తొడల మీద చేతులు ఆనించి, ముందు గొంతుక్కూర్చున్నవాడి భుజం మీంచి చూస్తూనే ఉన్నాడు. ఎండకి వీపంతా చెమట. పెదవి కదపకుండా లోపల్లోపలే స్లోకమ్‌నీ, ఆ బస్సునీ, ఆ కందిరీగల షార్ట్‌స్టాప్‌నీ వరసపెట్టి తిడుతున్నాడు.

“బావా! చూస్తున్నావా!” వెనక వల పట్టుకుని లెస్టర్ కేక పెట్టాడు. ఆర్లో తిరిగి చూడలేదు.

క్లెటస్ రెండుసార్లు గాలిని కొట్టాడు. రెండు స్ట్రైకులు. పక్కకి పోయిన బంతులు మూడు వదిలేశాడు. ఇంకొకటి పక్కకి పోతే అతను ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కి పోవచ్చు. అక్కడున్నవాళ్లందరూ తలో బేసూ జరుగుతారు, ఒక పరుగు వస్తుంది, ఆట సమం. అలా కాక, తన ముందు నేలలో పరిచిన ప్లేటు మీదుగా వచ్చిన బంతిని కొట్టకుండా వదిలేస్తే మూడో స్ట్రైకు. ఆట పోయినట్టే, జట్టూ పోయినట్టే.

‘తిప్పరా! తగిలినా తగలకపోయినా తిప్పి చావరా!’

బంతి వచ్చింది. మోకాలికి కాస్త పైన, ప్లేటు అవతలి అంచుని నూలుపోగంత ఒరుసుకుంటూ.

క్లెటస్ బ్యాటు తిప్పలేదు. పక్కకి పోయిందనుకుని, బ్యాటు పడేసి, నోరంతా తెరిచి నవ్వుతూ మొదటి బేస్ వైపు నడక మొదలుపెట్టాడు. జనం టోపీలు గాల్లోకి ఎగరేశారు. లెస్టర్ ముసలివాళ్లెవరినో కావలించుకుని గెంతుతున్నాడు. ఆర్లో ఒళ్లు భగ్గుమంది. ఇరవయ్యేళ్లు ఆడినవాడు, ఒక్కసారి ఆ కర్ర తిప్పితే వీడి సొమ్మేం పోయేది!

అంపైర్ ఆర్లో ప్రూయిట్ కుడిచెయ్యి పైకెత్తి, “మూడో స్ట్రైకు! ఔట్!” అని అరిచాడు.