రాజుగారి దుబాసీ

"ఆ నాలుక కోసి కుక్కలకెయ్యండి!" అని అరిచాడు సేనాపతి ఓగుంజిమి.

ఇలోడో రాజసభ మధ్యలో ఫాగ్బెన్రో నేలమీద బోర్లా పడి ఉన్నాడు. తెల్లవాళ్ల మాటలు రాజుగారికి విప్పి చెప్పే దుబాసీ అతనే. లాగోస్‌లో మిషను బడిలో చదువుకున్నవాడు.

కిందటి ఎండాకాలం లాగోస్ నుంచి ఇంగ్లీషు గవర్నరు వచ్చాడు. వెంట హౌసా సిపాయిలు, చక్రాల మీద ఓ మరతుపాకి. ఊరి బయట అరటితోట మీద దాన్ని పేల్చి చూపించాడు. ఒక్క చెట్టు నిలబడలేదు. తర్వాత సభలో కూర్చుని చాలాసేపు మాట్లాడాడు.

ఆయన ముగించగానే రాజు అడెషోయె దుబాసీ వంక చూశాడు.

"స్నేహం కోరి వచ్చాడట" అన్నాడు ఫాగ్బెన్రో. "మన దారుల్లో వాళ్ల వర్తకులను పోనివ్వాలట. ఎవరైనా మన మీదికొస్తే అడ్డుపడతాడట. అంతే."

పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. ఓగుంజిమి కూడా మెత్తబడి, "పోనీలే, అతిథికి కోలకాయలు పెట్టండి" అన్నాడు. రాజు కాగితం మీద గుర్తు వేశాడు.

వానలు పడగానే తెల్ల అధికారి ఒకడు వచ్చి దిగాడు. సుంకం గేట్లు పీకించాడు. ఇక తగవులు తనే తీరుస్తానన్నాడు. సేనాపతి మనుషుల తుపాకులు లాక్కున్నాడు. రాజు జోలికి మాత్రం పోలేదు. పైగా గవర్నరు పంపిన పట్టుగొడుగు ఒకటి కానుకగా ఇచ్చాడు.

"ఎవడిచ్చాడ్రా నీకీ హక్కు?" అంటూ ఓగుంజిమి అతని మీదికెళ్లాడు. అధికారి వెంట వచ్చిన కొత్త దుబాసీ నవ్వాడు.

"గవర్నరుగారు మీ సభలోనే విప్పి చెప్పారుగా! భూమి, తీర్పులు, సైన్యం అన్నీ ఇక తమవేనని. మీరంతా తలలూపారట!"

అందుకే ఈ విచారణ.

"నాకా భాష ఒక్క ముక్క రాదు" అన్నాడు రాజు. కిరీటపు పూసల జాలరు వెనక ఆయన ముఖం కనబడలేదు. "నా చెవీ ఇతనే, నా నోరూ ఇతనే అనుకున్నాను."

ఓగుంజిమి ఫాగ్బెన్రో మీదికి వంగాడు. "ఇదే పని రాజుగారు తెలిసి చేసుంటే ఈపాటికి ఆచారం ప్రకారం, ఇక చాలు పొమ్మని ఆయనకి ఖాళీ సొరకాయ బుర్ర పంపేవాళ్లం. ఆయన విషం తాగి మర్యాదగా పోయేవారు. నీకా మర్యాద కూడా దండగ!"

ఆడవాళ్ల వరసలోంచి ఫాగ్బెన్రో భార్య మోరెనికే పరుగెత్తుకొచ్చింది. "మాట్లాడవేమయ్యా? తెల్లాడి మాట సరిగా తెలియలేదని చెప్పు! కావాలని చెయ్యలేదని చెప్పు!"

ఫాగ్బెన్రో తలెత్తి రాజు వైపు చూశాడు. రాజు కదల్లేదు.

"తెలిసే మార్చి చెప్పాను" అన్నాడు చివరికి.

కత్తి పట్టుకుని వచ్చినవాణ్ణి రాజు చెయ్యెత్తి ఆపాడు. "సింహాసనం తగాదాలో నేను లాగోస్ పారిపోతే, ఇతనే ఏళ్ల తరబడి తన కంచంలో తిండి పెట్టాడు. ప్రాణంతో వదిలెయ్యండి. ఊరు దాటించండి."

ఎంత పెద్ద మనసు అని సభంతా కళ్లు తుడుచుకుంది.

వాళ్ల ఇంటి గోడలు పడగొట్టారు. కందదుంపల బుట్ట నెత్తిన పెట్టుకుని మోరెనికే ఊరి గేటు దాకా నడిచింది. అక్కడ ఆగింది.

"ఇది నేను పుట్టిన ఊరు. నీ పెళ్లాన్నని ఇంతకాలం తలెత్తుకు తిరిగాను. తమ్ముడిలా చూసుకున్నాడే ఆ మహారాజు, ఆయన్ని అమ్మడానికి నీకు నోరెలా వచ్చింది?"

అతను ఆమె నెత్తిమీది బుట్ట అందుకున్నాడు.

వెనక గుర్రం చప్పుడైంది. రాజే. భటులను దూరంగా ఉండమని సైగ చేసి దిగాడు. మోరెనికే మోకాళ్ల మీద వాలి, "మా తప్పు కాయండి ప్రభూ" అంటూ ఏడ్చింది. ఆమెను దాటి రాజు ఫాగ్బెన్రో దగ్గరికి నడిచాడు.

"మార్చి చెప్పమని నేనన్నట్టే చెప్పావు, ఇక ఈ ఊరివైపు రాకు" అన్నాడు రాజు, ఆమెకు అర్థం కాకుండా, గవర్నరు మాట్లాడినంత చక్కని ఇంగ్లీషులో.