దెబోరా ఆంటీ సందేహాలు

"అమ్మా ఎలీనా, ఒక సందేహం!"

ముందు వరుసలో మళ్ళీ అదే చెయ్యి లేచింది. వెనక కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి.

ఎలీనా నర్సింగ్ విద్యార్థిని. ఆదివారం ఆరాధన అయ్యాక, అమెరికాలో ఫ్రిస్కో ఊరి తెలుగు చర్చిలో కుటుంబాలకు షుగర్ జబ్బు గురించి చెప్పడం ఆమె చదువులో భాగం. ఊరికే చెబితే చాలదు, వాళ్ళచేత మాట్లాడించాలని ప్రొఫెసర్ పట్టుదల.

మాట్లాడేది మాత్రం దెబోరా ఒక్కతే. కొడుకింటికి కొత్తగా వచ్చిన పెద్దావిడ.

"అడగండి ఆంటీ."

"అరికాళ్ళు మంటలు పుడితే అది షుగరేనా?"

అంతకుముందు వారం, ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు మానేయొచ్చా అని సాక్షాత్తూ పాస్టర్‌గారి ఎదుటే అడిగేసింది. హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది జోసఫ్ అంకుల్. పాపం, ఆవిడకి విశ్వాసం కాస్త తక్కువేమో అనుకున్నారు.

క్లాసుకు ముందు టీ బల్ల దగ్గర ఆడవాళ్ళంతా ఆవిడ చుట్టూ చేరి గుసగుసలాడేవాళ్ళు. ఊసుపోని కబుర్లని ఎలీనాకు చిరాకు.

"ఇంకోటి తల్లీ. శుక్రవారం ఉపవాస ప్రార్థన కదా. ఆ రోజు ఇన్సులిన్..."

"ఆంటీ, ప్లీజ్! ఎవ్రీ వీక్ మీరే అడుగుతున్నారు. అదర్స్‌కి ఛాన్స్ ఇవ్వండి. మీ డౌట్స్ క్లాస్ అయ్యాక చెప్తాను."

దెబోరా చెయ్యి దించింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"సరే తల్లీ. ఎవరైనా అడగండమ్మా."

ఎవరూ నోరు విప్పలేదు.

క్లాసయ్యాక ఎలీనా ఫోన్లో పడింది. దెబోరా కాసేపు పక్కనే నిలబడింది. దూరాన బాతెల్ ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి ఆ సాయంత్రమే ఆవిడ ప్రయాణం. కొడుకు తొందరపెడితే ఇక కదిలింది.

శుక్రవారం ప్రార్థన మధ్యలో జోసఫ్ అంకుల్ కూలబడ్డాడు. ఒళ్ళంతా ముచ్చెమటలు, మాట తడబాటు. ఎలీనా పరుగున వచ్చి, జ్యూస్ తాగించింది. కాసేపటికి తేరుకున్నాడు. ఎవరి ముఖమూ చూడలేక తల దించుకున్నాడు.

"ఏమైంది సలోమి ఆంటీ?" అని ఆయన భార్యనడిగింది ఎలీనా.

"పొద్దున ఇన్సులిన్ వేసుకున్నారమ్మా. ఉపవాసమని ఏమీ తినలేదు."

"అంకుల్‌కి షుగర్ ఉందా? నన్ను అడగొచ్చు కదా ఆంటీ!"

"నలుగురికీ తెలిస్తే నామోషీ అని ఈయన గోల. అందుకే దెబోరమ్మగారి చెవిన వేశాను. క్లాసులో అడుగుతానన్నారు."

ఎలీనాకు ఏడుపొచ్చింది. దించేసిన ఆ చెయ్యి గుర్తొచ్చింది.

"అయితే దెబోరా ఆంటీకి షుగర్..?"

సలోమి కళ్ళు తుడుచుకుంది.

"ఆవిడకి షుగరెక్కడిదమ్మా? మేం సిగ్గుపడి దాచుకున్న రోగాలన్నీ తనవన్నట్టు అడిగేవారు."