గట్టి స్టాండు

గంగాదాస్ తాను వెల్డింగ్ చేసిన స్టాండు మీద డీజిల్ ఇంజన్ ఎక్కించి, రెండు చేతులతో బలంగా ఊపాడు. అది ఇంచు కూడా కదల్లేదు.

భార్య నీలవ్వ కుడిచేతికి కట్టుతో షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉంది. ఎనిమిదేళ్లుగా అతను నట్లు విప్పుతుంటే ఇంజన్ ఒరగకుండా పట్టుకున్నది ఆమే. పోయినవారం అది జారి ఆమె మూడు వేళ్లు నలిగిపోయాయి.

"ఇగ నువ్వు పట్టుకునుడు లేదు," అన్నాడు.

"మంచిగ చేసినవ్. ఎన్ని రోజులు పట్టింది?"

"రోజులెక్కడివి? గీ మూలకు ఎప్పటిసంది పడున్న పాత గేటే కోసి అతికిన. ఒక్క పొద్దుల అయిపోయింది."

నీలవ్వ ఒళ్లో ఉన్న చాటలోంచి పసుపు కొమ్ము తీసి, ఎడమచేత్తోనే విరవబోయింది. విరగలేదు.

"ఒక్క పొద్దేనా?" అంది మెల్లగా.

గంగాదాస్ స్టాండును మరోసారి ఊపాడు. అది కదల్లేదు.