బలం గోళీలు

భద్రాచలంలో మందుల షాపు నడిపే చెంచురామయ్యను కాలర్ పట్టి కౌంటర్ మీది నుంచి ఇవతలికి లాగాను. అద్దం పగిలి అతని మోచేయి చీరుకుపోయింది.

"నా పెండ్లాం ఎస్తేరుకు కాలేయం చెడ్డదని తెలిసి కూడా మాంగనీసు గోళీలు ఎట్ల అమ్మినవ్‌రా?"

"ఎముకలకు బలమని ఇచ్చిన సారూ. అందరికీ ఇస్తున్న."

ముఖం మీద గుద్దాను. "బలమని రుజువేదిరా? తిండిలో ఉన్నదే చాలని ఖమ్మం డాక్టర్ చెప్పిండు. కాలేయం పాడైతే అది బయటికి పోదు, మెదడుల పేరుకుంటది. ఎస్తేరుకు చేతులు వణికినయ్. కోపమొస్తే నన్నే కొట్టింది. ఆఖరికి తూలి బావిలో పడి చచ్చిపోయింది!"

షట్టరు లాగే ఇనుప కడ్డీ అతని తల మీదికి ఎత్తాను.

లోపలి నుంచి అతని భార్య అప్పడాల కర్రతో వచ్చింది. నా వైపు చూడనే లేదు. "ఏంది గీ లొల్లి?" అంటూ మొగుణ్ణే వీపు మీద బాదింది. అతను తప్పుకోలేదు. అలవాటైనట్టు తల వంచాడు.

ఆమె కళ్లు పచ్చగా ఉన్నాయి. కర్ర పట్టుకున్న చేయి వణుకుతోంది, ఎస్తేరు చేయిలాగే.

"ఈమెకు కూడా ఇస్తున్నవా?"

"అవ్ సారూ. రోజూ నా చేత్తోనే మింగిస్తున్న."

"లే. ఖమ్మం బస్సెక్కుదాం."

ముగ్గురం బయటికొచ్చాక, అదే కడ్డీతో షట్టరు కిందికి లాగాను.